తాళం వేసిన ఇంటితో మాట్లాడే మనిషి

తాళం వేసిన ఇంటితో మాట్లాడే మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆమె చనిపోయిందని పోయిన నెలలో తెలిసింది. అప్పటికే నలభై రోజులయిందట. నాకు కబురు చెయ్యడానికి ఎవరూ రాలేదు. కబురు చెయ్యవలసినంత మంచి నేను ఆమెకు చేసి ఉండలేదు. చేపల తట్టతో మా వీధి దాటి పక్క వీధికి వెళ్తున్న ఆమె కోడలిని నేనే ఆపి అడిగితే, "అత్త పోనాది మాస్టారూ" అంది, తట్ట దించకుండానే.

ఆమె పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. నావల్ల ఒకసారి ఆ పేరు రాయకూడని చోట రాశారు. మళ్ళీ దాన్ని రాసే హక్కు నా చేతికి ఉందనుకోను.

మా కాలనీ శ్రీకాకుళం శివార్లలో ఉంది. దగ్గరలోని హైస్కూల్లో నేను లెక్కలు చెప్తాను. ఇల్లు కట్టుకుని వచ్చిన కొత్తలో చుట్టూ ఇంకా వరిచేలుండేవి. వీధికి పేరు కూడా పెట్టలేదు. అప్పటికే ఆమె ఉంది. కళింగపట్నం వైపు సముద్రం ఒడ్డున ఉన్న పల్లె నుంచి పొద్దున్నే ఆటోలో వచ్చి, తొమ్మిది గంటలకల్లా మా వీధి మొదట్లో కనిపించేది. పొట్టి మనిషి. తల మీద చుట్టకుదురు, దాని మీద సత్తు తట్ట, తట్ట మీద తడిగోనె. చెయ్యి పట్టకుండా నడిచేది. తట్ట కదిలేది కాదు. కళ్ళు మాత్రం ఒక్కచోట నిలిచేవి కావు.

చేపలు చూపించే ముందు ఆమె ఇంటిని చూసేది. గేటు దగ్గర నిలబడి, పైనుంచి కిందికి ఒక్క చూపు. "సేపకి మొప్పలు సూడాల, ఇంటికి వాకిలి సూడాల" అనేది. తాజా చేపకు మొప్పలు ఎర్రగా ఉన్నట్టే, మనుషులున్న ఇంటికి వాకిలి తడిగా ఉంటుందని, ముగ్గు ఉంటుందని, గేటుకి పాలపాకెట్లు వేలాడవని, పేపరు ఎండలో పడి ఉండదని ఆమె లెక్క. ఇవి లేని ఇంటిని ఆమె 'మెత్తబడిన ఇల్లు' అనేది. మెత్తబడిన చేపను పిల్లి ఎలా కనిపెడుతుందో, అలాంటి ఇంటిని దొంగ అలా కనిపెడతాడట.

ఆమె రొంటిన రెండు సంచులు దోపుకునేది. ఒకదానిలో చిల్లర. రెండోదానిలో ముగ్గుపిండి. ఈ రెండో సంచి సంగతి మాకు చాలాకాలం తెలియదు. ఎవరైనా నాలుగు రోజులు ఊరెళ్తే, ఆ ఇంటి ముందు పొద్దున్నే నాలుగు గీతల ముగ్గు ఉండేది. ఊరి నుంచి వచ్చినవాళ్ళు పక్కింటివాళ్ళు వేశారనుకునేవారు. పక్కింటివాళ్ళు అవునని గాని కాదని గాని అనేవారు కాదు. పొగడ్త ఊరికే వస్తుంటే కాదనేవాళ్ళు మా వీధిలో లేరు.

ఆమె తిట్లు కూడా ఇలాగే ఉండేవి. ఎదురింటాయన వెల్ల వేయించి నిచ్చెనను ప్రహరీకి ఆనించి వదిలేస్తే, గేటు ముందు నిలబడి, దొంగకి నిచ్చెన కూడా మీరే ఏసిపెట్టినారేటి, మరి మంచినీళ్ళు పెట్టనేదేటి అని అడిగింది. మేం గేటుకి వేసిన కొబ్బరికాయంత తాళం చూసి, అది తాళం కాదు, ఇంట్లో ఎవులూ నేరని కట్టిన బోర్డు అంది. లోపలి తలుపుకి చిన్న తాళం వేసి, దాని మీదికి పరదా లాగమంది. నేను ఒకసారి మర్యాదకి, నాలుగు రోజులు కోటబొమ్మాళిలో మా అత్తవారింట్లో ఉంటాం, ఆ తర్వాత రా అన్నాను. ఆమె ముఖం చిట్లించింది.

"నాకెందుకు సెప్పినావు బాబూ? ఎన్నాళ్ళుంటావో ఎవులికీ సెప్పకు. నాకూ సెప్పకు. రేపు రా అను. నానొచ్చి తాళం సూసుకుని పోతాను."

అప్పుడు నేను నవ్వుకున్నాను. నాకు చెప్పకు అని తనని కూడా లెక్కలోంచి తీసేసుకున్న మనిషిని చూసి నవ్వడం తప్ప, అందులోని నిజాయితీని కొలిచే తూనిక నా దగ్గర లేదు.

సెకండ్ హాండ్ కారు కొన్న రోజు వీధిలో అందరికీ మిఠాయి పెట్టాను. ఆమె లడ్డూ కొంగున కట్టుకుని, కారు చుట్టూ తిరిగి, అద్దానికి చేతులడ్డం పెట్టి లోపలికి చూసింది. వెనక సీటు మీద నా గుడ్డసంచి ఉంది. పొందూరు ఖద్దరుతో కుట్టించుకున్నది, స్కూలుకి రోజూ తీసుకెళ్తాను. అందులో ఏమీ లేదులే, పాత పేపర్లు, అన్నాను.

"ఏటీ నేదని నీకు తెలుసు. దొంగకి తెల్దు గదా" అంది. "ఖాళీ సంచీ అయినా దొంగ కంటికి నిండుగానే కనిపిస్తాది బాబూ."

సరేనన్నాను. తీయలేదు.

ఇక ఆ జ్వరం సంగతి చెప్పాలి. చలికాలంలో ఒకరోజు బడికి సెలవు పెట్టి పడుకున్నాను. నా భార్య మందులకి బజారెళ్తూ, నేను లేవనక్కర్లేకుండా బయట తాళం వేసి వెళ్ళింది. కాసేపటికి గేటు దగ్గర ఆమె గొంతు వినిపించింది.

"అమ్మా, కవళ్ళు తాజాగా ఉన్నాయి. తీసుకుంటావేటి?"

తలుపుకి తాళం ఉండడం ఆమెకి కనిపిస్తూనే ఉంటుంది. అయినా అడిగింది. అడిగి ఆగింది. ఒక మనిషి వంటింట్లోంచి జవాబు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో సరిగ్గా అంతసేపు ఆగింది.

"ఏటీ? మాస్టారికి జొరమా? పడుకున్నారా? అయితే లేపకు. తలుపు తియ్యొద్దులే, సలిగాలి. రేపొస్తాను."

నాకు జ్వరమని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఊరికే అల్లింది. అల్లినది నిజమైంది. అప్పుడే ఒక మోటారు సైకిలు ఆగిన చప్పుడు, ఎవరో ఇద్దరు మగవాళ్ళు ఆ ఇంట్లో ఎవరుంటారని అడగడం వినిపించాయి. అది పోలీసు మేనమావ వచ్చి ఉంటున్న మాస్టారి ఇల్లు బాబూ, ఇప్పుడే అమ్మగారితో మాటాడినాను, మీకేటి కావాల అని ఆమె ఎంతో ప్రేమగా అడిగింది. మా వంశంలో పోలీసు ఉద్యోగం చేసినవాడు లేడు. మోటారు సైకిలు వెళ్ళిపోయింది. తర్వాత గేటు దగ్గర చిన్న చప్పుడు. పడి ఉన్న పేపరు తీసి అరుగు మీదికి విసిరింది.

ఇదంతా నేను మంచం మీద పడుకుని విన్నాను. "ఉన్నానమ్మా" అని ఒక్క మాట అనవచ్చు. అనలేదు. ఆమె ఇంకా ఎన్ని తాళం వేసిన ఇళ్ళతో ఇలా మాట్లాడిందో, ఎన్నేళ్ళుగా మాట్లాడుతోందో అని ఆశ్చర్యపోతూ పడుకునే ఉన్నాను. అంత ఆశ్చర్యపడినవాణ్ణి మర్నాడు స్టాఫ్ రూంలో ఏం చేశానో తెలుసా? ఒక పిచ్చి చేపలమ్మ గోడలతో మాట్లాడుతోందని కథగా చెప్పి అందరినీ నవ్వించాను. గౌరవించవలసిన చోట నవ్వించడం నాకు చిన్నప్పటి నుంచి ఉన్న జబ్బు.

తర్వాత ఆమెనే అడిగాను, అదేం అలవాటని. ఆమె చేప పొలుసు తీస్తూ తల ఎత్తకుండా చెప్పింది.

"మాటాడని ఇల్లు సచ్చిపోయినట్టుంటాది బాబూ. ఎవులో ఒకలు పలకరించాల. పలకరింపున్న ఇంటికి దొంగ బేగి రాడు."

ఆ రోజుల్లోనే నా పాత చెప్పులు నా భార్య చెత్తబుట్టలో వేయబోతే ఆమె తనకిమ్మని అడిగింది. తోలు చెప్పులు. ఎడమ మడమ అరిగిపోతే టైరు ముక్క వేసి నాలుగు మేకులు కొట్టించుకున్నాను. ఆమె భర్త పోయి చాలా ఏళ్ళయింది. కొడుకు ఏడాదిలో ఎక్కువ భాగం గుజరాత్ హార్బర్లలో బోటు మీద ఉంటాడు. ఇదంతా తెలిసి కూడా నేను, "ఎవరికమ్మా, కొత్త మొగుడికా?" అన్నాను.

ఆమె నవ్వింది. "అవును బాబూ. ఈ వొయసులో నోరెత్తని మొగుడే మేలు" అని చెప్పులు తట్ట అంచున పెట్టుకుంది. నా భార్య మాత్రం నవ్వలేదు. నన్ను ఒక్క చూపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేను చేసిన పని.

ఒక ఆదివారం. నా భార్య ముందురోజే వాళ్ళ చెల్లెలి ఇంటికి వెళ్ళింది. నేను విజయనగరం దారిలో ఒక ఫంక్షన్ హాల్లో తెలిసినవాళ్ళ పెళ్ళికి కారులో వెళ్ళాను. మా ఇంటికి రెండు తాళంచెవులు. ఒకటి బీరువాలో ఉంటుంది. రెండోది, ఇద్దరం వేరువేరుగా బయటికి వెళ్ళే రోజుల్లో, గుమ్మం పక్కనున్న కరెంటు మీటరు పెట్టె మీద పెట్టేవాళ్ళం. ఆ సంగతి ఆమెకీ తెలుసు. చేప కోసి ఇచ్చే వేళకి నా భార్య బయటికి వెళ్ళవలసి వస్తే, గిన్నె లోపల పెట్టి తాళం వేసి తాళంచెవి అక్కడ పెట్టమని ఎన్నోసార్లు ఆమెకే అప్పగించింది. అది తీసెయ్యండి, దొంగ మొదట చెయ్యి పెట్టేది అక్కడే అని ఆమె మా ఇద్దరినీ ఎన్నోసార్లు తిట్టింది. ఆ ఆదివారం నేను తాళంచెవిని మీటరు పెట్టె మీద పెట్టలేదు. నా గుడ్డసంచిలో వేసుకున్నాను. సంచిలోనే కారు కాగితాల జిరాక్సు, దాని మీద మా ఇంటి అడ్రసు. సంచిని వెనక సీటు మీద వదిలి, కారు లోపల వేడెక్కుతుందని అద్దం నాలుగు వేళ్ళు దించి, భోజనానికి వెళ్ళాను.

తిని వచ్చేసరికి సంచి లేదు. పాత పేపర్లే కదా పోతే పోయాయి అనుకున్నాను. తాళంచెవి గుర్తుకు రావడానికి ఇంకో గంట పట్టింది. నా కొలీగులతో నిలబడి పిచ్చాపాటి మాట్లాడిన గంట అది. ఇంటికి వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. తాళానికి తాళంచెవి వేలాడుతోంది. మా అత్తగారు నా భార్యకిచ్చిన రెండుపేటల గొలుసు, వెండి కుందులు పోయాయి.

పోలీసులు వచ్చారు. కబురు విని నా భార్యా వచ్చింది. తాళం పగలగొట్టలేదు కదా, తాళంచెవి ఎక్కడ పెట్టారు అని అడిగారు. నా భార్య నా వైపు చూసింది. సంచి కారులో వదలొద్దని ఆ ముందురోజు కూడా చెప్పి వెళ్ళింది. ఆ చూపుని తట్టుకోలేక, "మీటరు పెట్టె మీద" అన్నాను. అక్కడ పెడతారని ఇంకెవరికి తెలుసని అడిగారు. నా భార్య అమాయకంగా, చేపలమ్మకి తెలుసండీ అంది.

పేరు నేను చెప్పలేదు. ఆ ఒక్క మాటతో చాలాకాలం నన్ను నేను ఓదార్చుకున్నాను.

మర్నాడు ఆమెని స్టేషనుకి పిలిపించారు. అక్కడ తాళంచెవి పెడతారని నీకు తెలుసా అంటే తెలుసంది. గాని ఆ రోజు అక్కడ లేదు, నేను చెయ్యి పెట్టి చూశాను అంది. నువ్వెందుకు చూశావు అంటే, రోజూ చూస్తాను అంది. నిజం చెప్పిన కొద్దీ చిక్కులో పడింది. అబద్ధం చెప్పిన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు.

రెండు రోజులు పొద్దుట నుంచి సాయంత్రం దాకా స్టేషను వరండాలో కూర్చోబెట్టారు. రెండో రోజు సంతకం పెట్టడానికి వెళ్ళినప్పుడు చూశాను. గోడవార ఖాళీ తట్ట బోర్లించి, దాని పక్కన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. నేను తల దించుకుని దాటబోయాను.

"అమ్మకి అన్నం సయిస్తందా బాబూ?" అని అడిగింది. "గొలుసు తల్లిది గదా. దిగులెట్టుకుంటాది. సూసుకో."

నేను లోపలికి వెళ్ళి సంతకం పెట్టాను. నాకు ఈ జీవితంలో ఎందరో పెద్దవాళ్ళు తారసపడ్డారు. ఎవరి ముందూ నేను అంత చిన్నవాణ్ణి కాలేదు.

ఆమె దగ్గర ఏమీ దొరకలేదు, వదిలేశారు. కాలనీ మాత్రం వదల్లేదు. మీటింగు పెట్టి, వీధి మొదట్లో బోర్డు పెట్టాలన్నారు. నా చేతిరాత బాగుంటుందని నాచేతే రాయించారు: 'చిరువ్యాపారులకు ప్రవేశము లేదు.' మూడు రోజుల తర్వాత ఆమె తట్టతో వచ్చి బోర్డు ముందు ఆగింది. చదువు రాదు. స్కూలుకి వెళ్తున్న నన్ను, ఏటి రాసినారు బాబూ అని అడిగింది. కొత్తవాళ్ళు రాకూడదని రాశాం అన్నాను.

"మంచి పని సేసినారు" అంది. "మరయితే నాను రావొచ్చన్నమాట."

నేను బండి తీసి వెళ్ళిపోయాను. ఎదురింటాయన బయటికి వచ్చి అసలు సంగతి చెప్పాడట. ఆ తర్వాత ఆమె మా వీధికి రాలేదు.

రెండేళ్ళు గడిచాయి. ఒకసారి మా స్కూల్లో పోలీసులు దొంగతనాల నివారణ మీద కార్యక్రమం పెట్టారు. దొంగతనం జరిగిన ఇంటివాణ్ణి కదా, నాలుగు మాటలు చెప్పమన్నారు. మైకు ముందు నిలబడ్డాక ఆగకుండా మాట్లాడాను. పెద్ద తాళం వెయ్యకండి, పరదా వెయ్యండి. పేపరు, పాలపాకెట్లు తియ్యమని పక్కింటివాళ్ళకి చెప్పండి. ముగ్గు లేని వాకిలి ఉంచకండి. నిచ్చెన బయట వదలకండి. తాళంచెవి మీటరు పెట్టె మీదా, కుండీ కిందా పెట్టకండి. కారులో ఖాళీ సంచి కూడా ఉంచకండి, ఇంటి తాళంచెవీ అడ్రసూ ఒకచోట ఉంచకండి. ఊరెళ్తున్నట్టు ఫోనులో ఫోటోలు పెట్టకండి. చప్పట్లు కొట్టారు. మాస్టారు భలే అనుభవంతో చెప్పారని ఎస్సైగారు నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆమెని వరండాలో కూర్చోబెట్టినది ఆయనే. నేను చెప్పినదాంట్లో తాళంచెవి, అడ్రసుల మాట ఒక్కటే నా అనుభవం. మిగిలినదంతా ఆమెది. ఆమెని గెంటేసి, ఆమె మాటలకి చప్పట్లు కొట్టించుకున్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాస్తే అబద్ధం. బాగానే పట్టింది. కాని మర్నాడు సెలవు పెట్టి, బండి మీద ఆమె ఊరు వెళ్ళాను.

ఆమె ఉన్న వీధి ఇసకలో ఉంది. రెండు వరసల ఇళ్ళు. ప్రతి గుమ్మం ముందూ ఒక మగవాడి చెప్పుల జత. ప్రతి దండెం మీదా ఒక మగవాడి చొక్కా. ఇంత ఎండలో మగవాళ్ళంతా ఇంట్లోనే ఉన్నారా అనుకున్నాను. ఒక్కడూ కనపడలేదు. వలలు బాగుచేస్తున్న ఆడవాళ్ళని ఆమె ఇల్లు అడిగితే చూపించారు.

ఆమె గుమ్మం ముందు నా చెప్పులున్నాయి. ఎడమ మడమకి టైరు ముక్క, నాలుగు మేకులు. చుట్టూ ఇసకలో వాటి అడుగులే, గుమ్మం నుంచి బావి దాకా, బావి నుంచి గుమ్మం దాకా, ఆ పొద్దుట వేసినవి.

ఆమె నన్ను చూసి ఆశ్చర్యపడలేదు. పీట వేసి, నీళ్ళిచ్చి, నా చూపు ఎక్కడుందో గమనించి చెప్పింది. మగాళ్ళందరూ గుజరాత్ పోనారు. మిగిలినోల్లం ఆడోల్లం, ముసిలోల్లం. ఊళ్ళోకి ఎవులెవులో వస్తంటారు. అందుకని ఈది పొడుగునా సెప్పులెట్టించినాను అంది.

"ఊరికే పెడితే సాలదు బాబూ. దుమ్ము పట్టిన సెప్పులు సూస్తే మనిసి నేడని తెలిసిపోతాది. అందుకే పొద్దున్నే తొడుక్కుని ఓ సుట్టు తిరుగుతాం."

పొద్దున్నే ఆ వీధిలో ఆడవాళ్ళందరూ, భర్తలవీ కొడుకులవీ పెద్దపెద్ద చెప్పులు తొడుక్కుని ఇసకలో అడుగులు వేసుకుంటూ తిరగడం నాకు కళ్ళకు కట్టింది. మా కాలనీలో నాలుగు కెమెరాలు పెట్టించుకున్నాం. ఇక్కడ ఒక్క రూపాయి ఖర్చు లేకుండా ఒక ముసలమ్మ ఊరి నిండా మగవాళ్ళని నిలబెట్టింది. వాళ్ళలో ఒకణ్ణి నేను. ఆమె ఇంటికి నేను కాపలా ఉన్నాను, ఇన్నేళ్ళూ, నాకు తెలియకుండానే. ఆమె పేరు నావల్ల స్టేషను పుస్తకంలోకి ఎక్కిన రోజున కూడా నా చెప్పులు ఆ గుమ్మం ముందే ఉన్నాయి.

ఉన్నదంతా చెప్పాను. సంచి, కారు అద్దం, నా భార్య చూపు, నా అబద్ధం. ఆమె మధ్యలో ఆపలేదు.

"తెలుసు" అంది.

ఎలా తెలుసన్నాను.

"ఆ ఆదివారం నీ ఇంటి ముందు నిలబడి, అమ్మా అని పిలిసినాను. మాటాడినాను. మీటరు పెట్టి మీద సెయ్యెట్టి సూసినాను. తాళంచెవి నేదు. ఓలమ్మా, ఇన్నాళ్ళకి మాస్టారికి బుద్దొచ్చినాది అనీసి ఎంత సంబరపడ్డానో." కొంచెం నవ్వింది. "తరవాత నువ్వు పెట్టినానన్నావని తెలిసింది. అప్పుడే అనుకున్నాను, ఎక్కడో పారేసుకున్నాడు, ఇంటిదానికి సెప్పడానికి బయపడతన్నాడు అని."

అక్కడే ఎందుకు చెప్పలేదు, నామీద ఎందుకు చెప్పలేదు అని అడిగాను. మాస్టారి మాట, సేపలదాని మాట తూకమేస్తే ఏది బరువో నాకు తెల్దేటి అంది. నేను ఆమె కాళ్ళ వైపు వంగబోతే కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"నాకు సెప్తే ఏటొస్తాది బాబూ? నాకు తెలిసిందే గదా. అబద్దం ఏ ఈదిలో ఆడినావో, నిజం ఆ ఈదిలో ఆడు."

ఇంటికి వచ్చి నా భార్యకి చెప్పాను. ఆమె ఏడవలేదు, అరవలేదు. "ఆవిడ పేరు నా నోటితో చెప్పించారు" అంది. అంతే. చాలా రోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. పల్లెకి వెళ్ళి చేపలమ్మని చూసి వచ్చింది, నన్ను రమ్మనలేదు.

వీధిలో మాత్రం చెప్పలేదు. దసరా వెళ్ళాక అనుకున్నాను. పబ్లిక్ పరీక్షలయ్యాక అనుకున్నాను. ఎదురింటాయన ఆసుపత్రి నుంచి వచ్చాక అనుకున్నాను. లెక్కల మాస్టారి మాట మీద నమ్మకంతో ట్యూషనుకి పంపేవాళ్ళు ఏమనుకుంటారో అనుకున్నాను. అలా మూడేళ్ళు. ఆమె చెప్పినది ఒక్కటే పని. అది చెయ్యడానికి ఆమె ప్రాణం ఉన్నన్నాళ్ళూ నాకు వీలు దొరకలేదు. పోయిన నెలలో ఆమె కోడలు తట్ట దించకుండా ఆ కబురు చెప్పినప్పుడు, ఎందుకు దించవమ్మా అని అడిగాను. ఈ ఈదిలో దించొద్దని అత్త సెప్పినాది మాస్టారూ, మన మీద మాట పోయేదాకా దించొద్దంది, అంది. వెళ్ళిపోయింది.

ఆ వచ్చిన ఆదివారమే కాలనీ మీటింగు. కొత్త కెమెరాల గురించి మాట్లాడుతున్నారు. లేచి నిలబడి చెప్పాను. దొంగ తాళంచెవి నా కారులోంచి తీసుకున్నాడని, మీటరు పెట్టె మీద పెట్టలేదని, ఆమెకి దానితో ఏ సంబంధమూ లేదని, నాకు ఆ రోజే తెలుసని చెప్పాను. మనం ఊరెళ్ళినప్పుడల్లా మన వాకిళ్ళలో ముగ్గు ఎవరు వేశారో కూడా చెప్పాను. ఇప్పుడెందుకు మాస్టారూ అదంతా, ఆవిడే లేదు కదా అని ఒకాయన అన్నాడు. ఎదురింటావిడ మాత్రం మెల్లగా, ముగ్గు మేం వెయ్యలేదండీ ఎప్పుడూ, అంది. ఆ తర్వాత మళ్ళీ కెమెరాల మాట మొదలైంది. నా అబద్ధం అంత సులువుగా వీధిని ఆక్రమించుకున్నప్పుడు, నిజానికి కూడా అంతే చోటు దొరుకుతుందనుకోవడం నా అత్యాశ.

మర్నాడు పొద్దున్నే స్పానరు పట్టుకెళ్ళి బోర్డు ఊడదీశాను. బోల్టులు తుప్పు పట్టి రాలేదు. నా భార్య కొబ్బరినూనె గిన్నె తెచ్చి ఇచ్చి, ఊడేదాకా బోర్డు పట్టుకుని నిలబడింది.

రెండు రోజుల తర్వాత కోడలు వచ్చింది. బోర్డు లేని కర్రల దగ్గర ఆగింది. మా గేటు దాకా వచ్చి, నన్ను చూసి, ఏమీ అడగకుండా తట్ట దించింది. నా భార్య కానాగంత చేపలు తీసుకుంది. ఆ చెప్పులున్నాయా అని అడిగాను. "ఉన్నాయి మాస్టారూ. ఇప్పుడు నాను తిరగతన్నాను వాటితో" అంది.

ఎదురింటివాళ్ళు ఆ రోజు ఊళ్ళో లేరు. తట్ట మళ్ళీ తలకెత్తుకుని, కోడలు ఆ గేటు ముందు ఆగింది. పడి ఉన్న పేపరు తీసి అరుగు మీదికి విసిరింది. రొంటి నుంచి చిన్న సంచి తీసింది. వంగకుండా, తట్ట కదలకుండా, మోకాళ్ళ మీద కూర్చుని నాలుగు గీతలు గీసి లేచింది.

"అమ్మా, కానాగంతలున్నాయి. తీసుకుంటావేటి?"

ఆగింది. ఒక మనిషి వంటింట్లోంచి జవాబు చెప్పడానికి పట్టేంతసేపు. వీధి చివర ఎవరో ఇద్దరు బండి మీద వస్తున్నారు. మంచివాళ్ళే కావచ్చు.

నేను మా గేటు తీసి వెళ్ళి, ఎదురింటి ప్రహరీ చాటున నిలబడి, లోపలి నుంచి వచ్చినట్టు గట్టిగా అన్నాను.

"ఈరోజు వద్దమ్మా. రేపు రా."